నవంబరు పదిహేడున కురిసిన మంచి వాన

ఇప్పిలి జోగారావు మాస్టారు గుల్లలపేట జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో ఇరవై రెండేళ్లుగా సాంఘిక శాస్త్రం చెబుతున్నారు. అన్నేళ్లలోనూ చరిత్ర ఆయన్ని ఎప్పుడూ ఇబ్బంది పెట్టలేదు. భూగోళం పెట్టింది, పటాలు చిరిగిపోయేవి. పౌరశాస్త్రం పెట్టింది, పిల్లలు ఎదురు ప్రశ్నలు వేసేవారు. చరిత్ర మాత్రం పాపం, అయిపోయిన సంగతి. ఎక్కడ పెడితే అక్కడ కదలకుండా పడి ఉండేది.

అది కదలడం మొదలుపెట్టింది ఆ ఏడు జూన్ నెలలో.

రాజధానిలో చాలా పెద్ద అధికారి ఒకాయన మనవడు బళ్లో చరిత్ర పాఠం విని ఇంటికొచ్చి అన్నం తినలేదట. ఏమైందిరా అంటే, "రాజుగారు చచ్చిపోయాడు తాతయ్యా" అన్నాడట. ఏ రాజో ఎవరూ అడగలేదు. వారం తిరక్కుండా రాష్ట్రంలోని బళ్లన్నిటికీ ఉత్తర్వు వచ్చింది. గుల్లలపేట ప్రధానోపాధ్యాయురాలు లలితాంబగారు దాన్ని స్టాఫ్ రూములో నిలబడి చదివి వినిపించారు.

"బాలల సుకుమార మనోవికాసమునకు భంగము వాటిల్లకుండునట్లుగా, ఆయా తేదీలలో గతమున సంభవించిన ఆహ్లాదకర సంఘటనలను మాత్రమే, దినమునకు మూడు చొప్పున, ప్రార్థనా సమావేశమునందు వినిపింపవలెను. ప్రతికూల సంఘటనలు సంభవించియున్న యెడల, అవి సంభవించలేదని భావింపవలెను."

కార్యక్రమం పేరు 'ఈ రోజు మంచి రోజు'. అదే పేరుతో ఫోనులో ఒక యాప్ కూడా ఉంది. ఉదయం తొమ్మిదిన్నర లోపు మూడు సంఘటనలూ అందులో రాసి పంపాలి. పిల్లలకు తగినవైతే నవ్వు ముఖం వస్తుంది. తగనివైతే ఏడుపు ముఖం వస్తుంది. ఏడుపు ముఖాలు ఎక్కువైన బడి ఎర్ర జాబితాలో పడుతుంది.

"చరిత్ర మీదే కదా మాస్టారూ, మీరు చూసుకోండి," అన్నారు లలితాంబగారు. ఆవిడ రిటైర్మెంటుకి పద్దెనిమిది నెలలుంది. ఆ పద్దెనిమిది నెలలూ చప్పుడు లేకుండా గడిస్తే చాలునన్నది ఆవిడ కోరిక.

మొదటివారంలో జోగారావుకి పదకొండు ఏడుపు ముఖాలు వచ్చాయి. ఆయన పంపినవన్నీ పాఠ్యపుస్తకంలో ఉన్న సంగతులే. పుస్తకాన్ని అచ్చువేసింది ప్రభుత్వమే. ఆ మాట ఆయన మండల కేంద్రంలో జరిగిన శిక్షణలో అన్నారు.

శిక్షణ ఇస్తున్నది ఈ కార్యక్రమానికి జిల్లా సమన్వయకర్త చక్రపాణిగారు. మెత్తటి గొంతు, ఎప్పుడూ చెదరని చిరునవ్వు. కోపం ప్రతికూల భావన కాబట్టి ఆయన కోప్పడరు. కార్యాలయపు కాగితాల భాషే నోటితోనూ మాట్లాడతారు.

"పాఠ్యపుస్తకము పరీక్షల నిమిత్తము. చరిత్ర ఆనందము నిమిత్తము," అన్నారాయన. "చిన్న చిన్న పదములు మార్చుకొనిన చాలును. ఉదాహరణకు, యుద్ధము అనరాదు. ఉభయ సైన్యముల సమాగమము అనవలెను."

"ఓడిపోయిన రాజునేమనాలండి?" అని వెనక వరుసలోంచి ఎవరో అడిగారు.

"ద్వితీయ స్థానము పొందిన రాజు."

"కరువొస్తేనో?"

"ప్రజలు మితాహారమును అలవరచుకొనిన సంవత్సరము."

"స్వాతంత్ర్య సమరయోధుల్ని జైల్లో పెట్టారు కదండి మరి?"

చక్రపాణిగారు కాస్త ఆలోచించారు. "ప్రభుత్వ వసతి కల్పింపబడినది," అన్నారు.

గదిలో అరవైమంది సాంఘిక శాస్త్రం ఉపాధ్యాయులున్నారు. అందరూ రాసుకున్నారు. జోగారావు కూడా తన గుండ్రటి దస్తూరితో రాసుకున్నారు.

ఆ తర్వాత ఏడుపు ముఖాలు తగ్గాయి. అన్నిటికంటే సులువైన దారి పుట్టినరోజులని ఆయన త్వరలోనే కనిపెట్టారు. ఏ తేదీ తీసుకున్నా ఆ రోజున ఎవరో ఒక మహానుభావుడు పుట్టే ఉంటాడు. పుట్టుకకి నవ్వు ముఖం ఖాయం. జూలై, ఆగస్టు నెలల్లో ఆ బడి వరండా ముందు రోజూ ముగ్గురేసి చొప్పున కవులు, శాస్త్రవేత్తలు, రాణులు పుట్టారు. ఒక్కరూ పోలేదు.

సెప్టెంబరులో ఒకనాడు, సమావేశం ముగుస్తుండగా ఎనిమిదో తరగతి నీలవేణి చెయ్యెత్తింది. పడవ మీద వేటకెళ్లే దానయ్య కూతురు. ఆ పిల్లకి అడక్కుండా ఉండడం చేతకాదు.

"మాస్టారూ, ఆళ్లందరూ ఇప్పుడెక్కడుంటారండి?"

"ఎవరమ్మా?"

"పుట్టినోళ్లండి. వెయ్యేళ్ల కిందట పుట్టినాయన, మూడొందలేళ్ల కిందట పుట్టినావిడ. ఒక్కలూ పోనేదు కదండి."

జోగారావు లలితాంబగారి వంక చూశారు. లలితాంబగారు ఫోను వంక చూశారు. పైకి పంపాల్సిన సమావేశం వీడియో ఇంకా నడుస్తోంది.

"విశ్రాంతి తీసుకుంటున్నారమ్మా," అన్నారు జోగారావు.

"ఎంతసేపండి?"

లలితాంబగారు వీడియో ఆపేశారు.

అక్టోబరులో యాప్‌లో కొత్త గడి ఒకటి తెరుచుకుంది. ప్రతి బడీ తన సొంత ఊరి చరిత్రలోంచి ఒక ఆహ్లాదకర సంఘటనను తేదీతో సహా పంపాలి.

గుల్లలపేటకు చరిత్రలో ఉన్నది ఒకే తేదీ, నవంబరు పదిహేడు. నలభై ఎనిమిదేళ్ల కిందట ఆ రోజున పెను తుఫాను వచ్చింది. ఊరివాళ్లు అరవై ముగ్గురు పోయారు. బడి ఆవరణలో, జెండా దిమ్మకి ఎదురుగా ఉన్న నల్లరాతి మీద వాళ్ల పేర్లున్నాయి. ఏటా ఆ రోజున మైలపిల్లి గురమ్మ అనే ముసలావిడ బడికొచ్చి, ఆ రాతి పక్కన బల్ల మీద కూచుని, ఏం జరిగిందో పిల్లలకు చెబుతుంది. తుఫాను నాటికి ఆవిడకి పంతొమ్మిదేళ్లు. పిల్లలకి మామ్మ. మాస్టార్లకీ మామ్మే.

జోగారావు ఆ గడిలో ఉన్నదున్నట్టు రాశారు. ఏడుపు ముఖం వచ్చింది. 'చనిపోయారు' తీసేసి 'కాలం చేశారు' అని పెట్టారు. ఏడుపు ముఖమే. 'తుఫాను' తీసేసి 'గాలివాన' చేశారు. మళ్లీ అదే. గడువు సాయంత్రం అయిదింటికి. నాలుగున్నరకి లలితాంబగారు వచ్చి ఆయన కుర్చీ వెనక నిలబడ్డారు.

"ఏదో ఒకటి రాసెయ్యండి మాస్టారూ. ఊళ్లో సంగతి ఊరికి తెలియదా? ఇది పైవాళ్ల కోసం."

ఆరోసారికి జోగారావు ఇలా రాశారు: 'నవంబరు పదిహేడున మా ఊళ్లో మంచి వాన కురిసింది. ఆనాడు సముద్రుడు స్వయంగా మా ఊరికి విచ్చేశాడు.'

నవ్వు ముఖం వచ్చింది. దాని చుట్టూ నక్షత్రాలు కూడా మెరిశాయి. అవి చూసి జోగారావుకి ఒక్క క్షణం సంతోషం కలిగింది. ఆ సంతోషాన్ని తల్చుకున్నప్పుడల్లా తర్వాత ఆయన తల దించుకునేవారు.

పది రోజుల్లో ఆ రెండు వాక్యాలూ జిల్లాకే ఉత్తమ ఆహ్లాదకర సంఘటనగా ఎంపికయ్యాయి. చక్రపాణిగారు కారేసుకుని వచ్చారు.

"అద్భుతము! 'సముద్రుడు స్వయంగా విచ్చేశాడు!' ఎంతటి ఆత్మీయత!" అన్నారు. "నవంబరు పదిహేడున ఇచ్చట జిల్లాస్థాయి వాన పండుగ నిర్వహింపబడును. చిన్నపిల్లలు మేఘముల వేషములు, బాలికలు చేపల వేషములు ధరింతురు. పదవ తరగతి విద్యార్థి ఒకడు సముద్రుడిగా విచ్చేయగా, గ్రామపెద్దలు పూలమాలతో స్వాగతము పలుకుదురు."

ఏ ఒక్క గ్రామపెద్దా ఆ దండ పట్టుకోడని జోగారావుకి తెలుసు. అయినా 'పూలదండ ఒకటి' అని రాసుకున్నారు.

చక్రపాణిగారు ఆవరణంతా తిరిగి చూసి నల్లరాతి ముందు ఆగారు. "ఇవి ఎవరి పేర్లు?"

లలితాంబగారే అన్నారు, "ఆ రోజు ఊళ్లో ఉన్నవాళ్లవండి."

"చాలా సంతోషము. అయితే పైన 'అసువులు బాసినవారు' అనునది పిల్లల కంటబడుచున్నది." ఆయన చిరునవ్వు చెదరకుండానే పరిష్కారం ఆలోచించారు. "రాతిని ముట్టుకొనము. అది గ్రామస్థుల మనోభావములకు సంబంధించినది. పైన ఒక ఫ్లెక్సీ కప్పుదము. పేర్లు అవే. శీర్షిక మాత్రము 'నాటి వానలో పాల్గొన్నవారు'."

నవంబరు పదమూడున రిహార్సలు పెట్టారు. మేఘాలు ఒక పక్క, చేపలు ఒక పక్క నిలబడ్డాయి. 'వాన లబ్ధిదారు' హోదాలో మాట్లాడడానికి గురమ్మను పిలిపించారు. ఆవిడ చెప్పాల్సింది చక్రపాణిగారే రాసుకొచ్చారు. ఆవిడకి చదువు రాదు కాబట్టి లలితాంబగారు చదివి వినిపించారు.

"నాటి వాన నాకు ఎంతో ఆనందం కలిగించింది..."

"ఎవలికమ్మా?" అంది గురమ్మ.

"మీకు మామ్మా."

గురమ్మ నడుం మీద చెయ్యి వేసుకుంది. "నా పెద్దోడికి అప్పటికి పదకొండో నెల. నడుముకి గుడ్డతో కట్టుకున్నాను. నీళ్లు తీసినాక సూస్తే గుడ్డ ఉంది, ఆడు నేడు. ఆనందమని రాసిందా అందులో?"

లలితాంబగారు కాగితం మడిచేశారు.

"అమ్మా, మీ భావములను గౌరవించుచున్నాము," అన్నారు చక్రపాణిగారు. "అయితే పిల్లల ఎదుట కొంచెము నవ్వు ముఖముతో..."

గురమ్మ ఆయన మాట వినిపించుకోలేదు. జోగారావు వైపు తిరిగింది. "సముద్రుడు ఇచ్చేసినాడని రాసింది నువ్వేనా మాస్టారూ?"

"నేనే మామ్మా."

"అచ్చరాలు నేర్సినోడివి కదా," అంది. లేచి వెళ్లిపోయింది.

మర్నాడు పొద్దున్నే జోగారావు సైకిలు తొక్కుకుంటూ గురమ్మ ఇంటికెళ్లారు. ఆవిడ వాకిట్లో వలకి ముడులు వేస్తోంది. ఆయన అరుగు మీద కూచున్నారు.

"మామ్మా, పండుగనాడు నిన్ను చెప్పనివ్వరు. ఇవాళ వచ్చి చెప్పు. ఎప్పుడూ చెప్పినట్టే చెప్పు. ఏం జరిగినా నేను చూసుకుంటాను."

"నువ్వేటి సూసుకుంతావు బాబూ," అంది గురమ్మ. కానీ వల పక్కన పెట్టి, చీర కుచ్చిళ్లు దులుపుకుని లేచింది.

మధ్యాహ్న భోజనానికి ముందు డ్రాయింగ్ పీరియడ్. జోగారావు తన ఫోనూ, మిగతా మాస్టార్ల ఫోన్లూ తీసి బీరువాలో పెట్టి తాళం వేశారు. లలితాంబగారు చూసి కూడా చూడనట్టు తన గదిలోకి వెళ్లి తలుపు దగ్గరగా వేసుకున్నారు. రెండొందల నలభైమంది పిల్లలు పొడుగాటి వరండాలో కూచున్నారు.

"ముందు ఉత్తరం గాలి ఒచ్చింది," అని మొదలుపెట్టింది గురమ్మ. "తాటిసెట్లు ఇరిగిపోనాయి. ఇసకదిబ్బ మీద సావుకారి గోదాం ఉండీది, ఊరంతా అందులో దూరీసినాం. మద్దేనం గాలి ఆగిపోనాది. ఆకు కదల్నేదు. ఎండ కూడా కాసింది. తుఫాను పోనాదనుకున్నాం. పడవలు సూసుకుందామని మగోళ్లు, కోళ్లు సూసుకుందామని ఆడోళ్లు, అందరం దిగిపోనాం. అదే మనోళ్లని సంపీసింది పిల్లలూ. అది తుఫాను నడిబొడ్డు. అప్పటికి అయింది సగమే. మళ్లీ గాలి ఒచ్చింది, ఈపాలి దక్షిణం నుంచి. దానెనకాల సముద్రం ఒచ్చింది."

ఆ తర్వాత ఎవరెవరు ఎక్కడ దొరికారో చెప్పింది. దొరకనివాళ్ల పేర్లు కూడా చెప్పింది. చివర్లో పిల్లలందరి చేతా మూడుసార్లు అనిపించింది: "గాలి ఆగితే దిగకూడదు. అయింది సగమే."

ఆరో తరగతి పిల్లలు కొందరు ఏడ్చారు. ఇద్దరు ఆ మధ్యాహ్నం కోడిగుడ్డు ముట్టుకోలేదు. జోగారావు అది చూశారు. వాళ్ల పక్కన కూచుని వీపు నిమిరారు గానీ, అదంతా అబద్ధమని మాత్రం చెప్పలేదు.

ఆ సాయంత్రమే సముద్రంలో వాయుగుండం ఉందన్నారు. పదిహేనోతేదీకి అది తుఫానైంది. ఫ్లెక్సీ సరిగ్గా కట్టారో లేదో చూడ్డానికి వచ్చిన చక్రపాణిగారు, రోడ్డుకడ్డంగా చెట్లు పడిపోవడంతో ఊళ్లోనే చిక్కుకుపోయారు. పదహారో తేదీ తెల్లవారేసరికి రెవెన్యూవాళ్లు, పోలీసులు ఊరినంతటినీ దిబ్బ మీదున్న తుఫాను షెల్టరులోకి చేర్చారు. కింద స్తంభాలు, పైన పెద్ద హాలు, మధ్య ఒకటే మెట్లదారి. తొమ్మిదొందల మంది ఎక్కారు. చక్రపాణిగారు ఒక మూల మేఘాల వేషాలున్న మూటమీద కూచున్నారు.

ఉత్తరం గాలి పొద్దున ఏడింటికి మొదలైంది. కిటికీ రెక్కలు ఊడిపోయాయి. పక్కవాళ్ల మాట వినబడలేదు. మధ్యాహ్నం ఒంటిగంటన్నరకి ఎవరో గొంతు నొక్కినట్టు గాలి ఆగిపోయింది. మబ్బు విడి ఎండ కాసింది.

జనం ఊపిరి పీల్చుకున్నారు. మగవాళ్లు తువ్వాళ్లు దులుపుకుని లేచారు. చక్రపాణిగారు కూడా లేచి, పొద్దుటినుంచీ మొదటిసారి చిరునవ్వు నవ్వారు.

"గ్రామస్థులారా! వాతావరణము ప్రశాంతత నొందినది. అందరును సంతోషముగా ఇండ్లకు మరలవచ్చును. అనుకూల భావన మిక్కిలి ముఖ్యము!"

జనం మెట్ల దగ్గరికి కదిలారు. అక్కడ ఆగిపోయారు. మెట్ల మీద నీలవేణి కూచుని ఉంది. ఆ పిల్ల వెనక ఎనిమిదో తరగతి కూచుంది. ఏడు, ఆరు తరగతులు వచ్చి కూచుంటున్నాయి. పై మెట్టునుంచి కింది మెట్టుదాకా కాలు పెట్టే సందు లేదు.

"లెగు గుంటా," అన్నాడు దానయ్య. "పడవెలాగున్నాదో సూసొస్తాను."

"సగమే అయింది నాన్నా."

"ఎవల్సెప్పినారు?"

"మామ్మ సెప్పింది."

దానయ్య వెనక్కి తిరిగి గురమ్మను చూశాడు. గురమ్మ గోడకి చేరగిలబడి కళ్లు మూసుకుని ఉంది.

చక్రపాణిగారు జనంలోంచి దారి చేసుకుని ముందుకొచ్చారు. "అమ్మాయీ, ప్రతికూల ఆలోచనలు వలదు. ప్రత్యక్షముగా ఎండ కాయుచున్నది కదా?"

"నలభై ఎనిమిదేళ్ల కిందట కూడా కాసిందండి," అంది నీలవేణి. "మీరు కూడా కూకోండి సార్."

"మాస్టారూ, మీ విద్యార్థులకు చెప్పండి," అన్నారు చక్రపాణిగారు.

జోగారావు సముద్రానికి దూరంగా, పాలకొండ వైపు నుంచి వచ్చిన మనిషి. సముద్రం ఊరి మీదికి రావడం ఆయన ఈ ఊళ్లో విన్నదే తప్ప కన్నది కాదు. బయట పిట్ట కూడా అరుస్తోంది. నిజంగానే అయిపోయిందేమోనని ఆయనకీ అనిపించింది. అయినా వెళ్లి పిల్లల మధ్య ఇరుక్కుని కూచున్నారు. "వాళ్లకి తెలిసిందే వాళ్లు చెబుతున్నారండి," అన్నారు.

పెద్దవాళ్లు తిట్టారు. ఒకాయన చెయ్యెత్తాడు. ఒక తల్లి తన కొడుకుని రెక్క పట్టుకుని లాగితే, వాడు ఊచ పట్టుకుని ఏడుస్తూనే కూచున్నాడు. ముప్పై అయిదు నిమిషాలు అలా గడిచాయి. అప్పుడు కిటికీలోంచి కనబడే కొబ్బరి మట్ట ఒకటి కదిలింది. ఈసారి ఉత్తరం వైపుకి వంగింది.

ఆ తర్వాత ఎవరూ ఎవర్నీ ఆపాల్సిన పని లేకపోయింది. దక్షిణం గాలి వెనకాలే సముద్రం వచ్చింది. షెల్టరు మెట్లు ఎనిమిది మునిగాయి. పడవలు పోయాయి, కోళ్లు పోయాయి, బడి ప్రహరీ పోయింది. ఫ్లెక్సీ ఎటు పోయిందో ఎవరూ వెతకలేదు. నీళ్లు తీశాక ఊరివాళ్లు మనుషుల్ని లెక్కపెట్టుకున్నారు. నమ్మకం కుదరక మళ్లీ లెక్కపెట్టుకున్నారు. ఒక్కరూ తగ్గలేదు.

మూడు వారాల తర్వాత జోగారావుకి మెమో వచ్చింది. నవంబరు పద్నాలుగున, తప్పనిసరిగా పంపాల్సిన డ్రాయింగ్ పీరియడ్ ఫోటో యాప్‌లో పెట్టలేదు. అదేనాడు ఇద్దరు విద్యార్థులు కోడిగుడ్లు తినలేదని భోజన పట్టికలో నమోదైంది. అనుమతి లేని చరిత్ర ఏదో వినిపించారని అనుమానం. విచారణాధికారి చక్రపాణిగారు.

ఆయన వచ్చి లలితాంబగారి గదిలో కూచున్నారు. కాస్త చిక్కారు. జోగారావు, నీలవేణి, గురమ్మ ఎదురుగా కూచున్నారు. ఆయన ఫారం తీసి ప్రశ్నలు చదివారు.

"ఆ దినమున ఈ వృద్ధురాలు చెప్పిన సంగతులు విని నీకు భయము కలిగినదా?"

"కలిగిందండి," అంది నీలవేణి. లలితాంబగారు కళ్లు మూసుకున్నారు.

"ఎంత? ఒకటి నుండి అయిదు లోపల చెప్పవలెను."

"అయిదండి. అందుకే దిగనేదు."

ఆయన అయిదు వేశారు. తర్వాతి గడి 'భయము వలన కలిగిన నష్టము'. కలం దాని మీద ఆగిపోయింది. ఆయన తలెత్తారు. "ఏమి వ్రాయవలెను మాస్టారూ?"

"రెండు కోడిగుడ్లు సార్," అన్నారు జోగారావు.

చక్రపాణిగారు 'కోడిగుడ్లు రెండు' అని రాశారు.

"ఆవిడ చేత చెప్పించింది నేనే," అన్నారు జోగారావు. "సంతకం ఎక్కడో చూపించండి. మంచి వాన కురిసిందని రాసింది కూడా నేనే. దానికీ ఒక ఫారం ఉంటే ఇవ్వండి, దాని మీదా సంతకం పెడతాను."

"దానికి ఫారము లేదు," అన్నారు చక్రపాణిగారు. జోగారావు ఉన్న ఒక్కదాని మీద సంతకం పెట్టారు. మందలింపు తర్వాత పోస్టులో వస్తుందట.

విచారణ అయిపోయింది. అయినా చక్రపాణిగారు లేవలేదు. ఫారం తిరగేసి, తెల్లగా ఉన్న వైపు పైకి పెట్టుకున్నారు. కొంచెంసేపు కిటికీలోంచి సముద్రం వైపు చూశారు.

"మామ్మా," అన్నారు. ఆ గొంతు ఆ గదిలో ఎవరూ అంతకుముందు వినలేదు. "మా అమ్మాయి వాళ్లు బీచి పక్కనే ఇల్లు తీసుకున్నారు. ఇద్దరు చిన్నపిల్లలు. గాలి ఆగిన తర్వాత మళ్లీ రావడానికి ఎంతసేపు పడుతుంది? అన్నిసార్లూ అంతేనా?" అంటూ కలం సిద్ధంగా పట్టుకున్నారు.

గురమ్మ ఆయన్ని ఎగాదిగా చూసి, కుర్చీ ముందుకి జరుపుకుంది.

"కాగితం పక్కనెట్టు బాబూ. రాసుకుంతా కూకుంటే ఇనపడదు."